లింబాద్రి నోట్లో ఇటాలియన్

నిజామాబాదులో జిమ్ముకి వచ్చే మగవాళ్లలో సగం మంది బరువులు ఎత్తరు, బరువుల పక్కన నిలబడి ప్లాట్ల రేట్లు మాట్లాడుకుంటారు. మిగతా సగం మంది టీషర్టు పైకి లాగి అద్దంలో పొట్ట చూసుకుంటారు. గాలికి అంటున్న మాట కాదిది. వాళ్లు వెళ్లాక ఆ అద్దాల మీది వేలిముద్రలు, బెంచీల మీది చెమట తుడిచేది నేనే. ఏ బెంచీ మీద ఎంత చెమట ఉంటుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. చాలా బెంచీలకు తుడవాల్సిన అవసరమే ఉండదు.

నా పేరు ప్రిస్కిల్లా. జిమ్ము బోధన్ రోడ్డు మీద, టైల్స్ షాపు పై అంతస్తులో ఉంది. పొద్దున ఐదు నుంచి పది దాకా మగవాళ్ల టైము. పదకొండు నుంచి మూడు దాకా ఆడవాళ్లది, దానికి నేను ఇంచార్జిని. ఇంచార్జి అంటే ట్రెడ్‌మిల్లు ఆన్ చేసి ఇవ్వడం, ఏసీ పెంచడం, తగ్గించడం, డాక్టర్ల భార్యలు, కాంట్రాక్టర్ల భార్యలు తమ కోడళ్ల గురించి చెప్పేది వినడం. మధ్యలో మిగిలిన గంటలో తుడవడం. మగవాళ్ల టైములో ఆడమనిషి మెట్లెక్కకూడదని యజమాని లింబాద్రి రూలు పెట్టాడు. మెట్ల గోడ మీద ఎర్ర అక్షరాలతో రాయించాడు కూడా. ఆడవాళ్ల మర్యాద కోసమట.

లింబాద్రికి ఒక పెట్రోలు బంకు, ఒక ఫంక్షన్ హాలు, ఈ జిమ్ము ఉన్నాయి. కండలు మాత్రం లేవు. యాభై ఏళ్ల మనిషి. బిగుతు టీషర్టు వేసుకుని, కడుపు లోపలికి పీల్చి పట్టుకుంటాడు. మాట్లాడాల్సి వచ్చినప్పుడు అది ఆయన చేతుల్లో ఉండదు.

దసరాకు ముందు ఊళ్లోకి ఒక ఇటలీ మనిషి దిగాడు. పేరు రెనాటో. ఎడపల్లి దాటాక కొత్తగా కట్టిన పసుపు మిల్లులో మెషీన్ బిగించడానికి వచ్చాడు. పసుపు కొమ్ములు బెల్టు మీద పోతుంటే కెమెరాతో చూసి, పుచ్చినవి ఏరి అవతల పడేసే మెషీన్ అది. మూడు నెలల పని. పొద్దున ఆరింటికి జిమ్ముకి వచ్చి, ఎనిమిదింటికి మిల్లుకు పోయేవాడు. అతనికి ఇంగ్లీషు నాలుగు ముక్కలు వచ్చు. గుడ్, నో గుడ్, టుమారో, ఫినిష్. మన జిమ్ము వస్తాదుల ఇంగ్లీషు కూడా అక్కడికే కాబట్టి ఎవరికీ చిన్నతనం లేకుండా పోయింది.

వారం తిరిగేసరికి ఒక కబురు పాకింది. రెనాటో కంపెనీకి ఈ జిల్లాలో ఒక సొంత మనిషి కావాలట. ఇక్కడ మెషీన్ ఆగితే ఇటలీకి ఫోన్ చేసి చెప్పాలి, వాళ్లు చెప్పింది ఇక్కడి ఆపరేటర్లకు వివరించాలి. వేల్పూరు, ఆర్మూరు వైపు ఇంకో ఆరు మిల్లులు అదే మెషీన్ కొనబోతున్నాయి. ఆ మనిషిని ఎంచుకునేది రెనాటోనే. మిల్లు యజమాని అతని చుట్టుపక్కలకు ఎవరినీ రానివ్వడు. అతను విడిగా దొరికేది జిమ్ములో మాత్రమే. దాంతో బరువులు ఎత్తని మహానుభావులందరికీ ఒక్కసారిగా ఇటాలియన్ మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

మొదట ఫోన్లతో ప్రయత్నించారు. ఎరువుల షాపు దశరథం ఫోను నోటి దగ్గర పెట్టుకుని తెలుగులో ఏదో అడిగాడట, ఫోను దాన్ని ఇటాలియన్ చేసి జిమ్మంతా వినపడేలా అరిచిందట, రెనాటో టవల్ భుజాన వేసుకుని వెళ్లిపోయాడట. ఏమడిగావని తర్వాత అడిగాను.

“జీతమెంత పడతదన్నా అన్న. గంతే గద,” అన్నాడు దశరథం. మొదటి పలకరింపు అది.

అప్పుడు లింబాద్రికి నేను గుర్తొచ్చాను.

ఇటలీలో పార్మా పక్కన ఒక పల్లెలో నేను ఎనిమిదేళ్లు ఉండి వచ్చాను. అక్కడ హాస్పిటల్లో నర్సుగా చేశానని ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను. మా మెథడిస్ట్ చర్చిలో పాస్టరమ్మ కొత్తవాళ్లకు నన్ను ఇటలీ నర్సమ్మ అనే పరిచయం చేస్తుంది. నిజం వేరు. ఎల్డా అనే ముసలావిడను సిన్యోరా, అంటే అమ్మగారు అని పిలుస్తూ, ఆమె ఇంట్లోనే ఉండి చూసుకున్నాను. మంచం మీంచి లేపడం, కూర్చోబెట్టడం, కడగడం, తినిపించడం, మళ్లీ కడగడం. ఆవిడ పోయాక, మూడేళ్ల కింద తిరిగొచ్చాను. నర్సింగ్ చదివి అంత దూరం పోయి ముసలిదాని ముడ్డి కడిగిందట అని మావాళ్లు నవ్వుతారని నాకు తెలుసు. అందుకే హాస్పిటల్ అన్నాను.

ఇంకొకరి ఒళ్లు ఎత్తే పని ఇక జన్మలో చెయ్యనని ఎల్డా సమాధి దగ్గరే గట్టిగా అనుకున్నాను. రెనాటో కంపెనీ పని నాకు కావాలి. కుర్చీలో కూర్చుని, ఫోన్లో మాట్లాడి, సాయంత్రం శుభ్రమైన చేతులతో ఇంటికి పోయే పని. నలభై మూడేళ్ల వయసులో నాకు అంతకు మించిన కోరిక లేదు. కానీ ఆ మనిషి దగ్గరికి చేరే దారే కనపడలేదు. మిల్లుకు పోతే గేటు దగ్గర వాచ్‌మన్ నా చెప్పులు చూసి, “లేబరును తీసుకునుడు అయిపోయిందమ్మా,” అని పంపించేశాడు. హోటలుకు పోయి తెల్లాయన గది ఎక్కడని అడిగితే ఆదివారం చర్చిలో అందరూ నా కోసమే ప్రార్థన చేస్తారు. ఇక జిమ్ములో ఎర్ర అక్షరాలు.

అలాంటి సమయంలో ఒక రోజు పదింటికి, నేను బెంచీలు తుడుస్తుంటే లింబాద్రి వచ్చి నిలబడ్డాడు. వెనకాల దశరథం.

“సిస్టర్, మాకు జెర ఇటలీ బాస నేర్పియ్యరాదు? ఎక్కువొద్దు. జిమ్ముల నాలుగు ముచ్చట్లు పెట్టేతందుకు అక్కెరకొస్తె సాలు,” అన్నాడు లింబాద్రి.

“ఏం ముచ్చట్లన్నా?”

“తిన్నవా, మంచిగ నిద్రవట్టిందా, పెండ్లాం పిల్లలు ఎట్లున్నరు, గివే. ఇగ వాళ్లల్ల కులం ఎట్లడుగుతరో గది గూడ చెప్పు.”

“వాళ్లల్ల కులాల్లెవ్వన్నా.”

“అరె, లేకుంట ఎట్లుంటయి! నీకు చెప్పకపోయుంటరు,” అన్నాడు. దశరథం తలూపాడు.

అది మింగేసి, అడగాల్సింది అడిగాను. “నన్నొకపారి ఆయినకు కలిపియ్యరాదన్నా? బాస వచ్చినదాన్ని గద, నేనే మాట్లాడి పెడ్త.”

లింబాద్రి నవ్వాడు. కడుపు కూడా నవ్వింది. “మగోళ్ల నడుమ నీకేం పని సిస్టర్? నువ్వు నేర్పు, మేం జూస్కుంటం.”

ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే ఒక ఆలోచన వచ్చింది. వీళ్లకు మర్యాదగా మాట్లాడే ఇటాలియన్ ఎందుకు? మంచం పట్టిన ముసలావిడతో నేను ఎనిమిదేళ్లు మాట్లాడిన మాటలే నేర్పుతాను. పక్క తడిపిన మనిషితో, మందు మింగనని మారాం చేసే మనిషితో అనే మాటలు. వెళ్లి ఆ కండల వీరుడితో అవే అంటారు. అతను పగలబడి నవ్వుతాడు, లేదా మళ్లీ టవల్ వేసుకుని వెళ్లిపోతాడు. ఏది జరిగినా వీళ్ల పీడ వదులుతుంది. ఆ తర్వాత దారి నేను వెతుక్కుంటాను.

మర్నాటి నుంచి రోజూ పది నుంచి పదిన్నర దాకా క్లాసు. నేను తుడుస్తూ చెప్పేదాన్ని, వాళ్లు బెంచీల మీద కూర్చుని రాసుకునేవాళ్లు. లింబాద్రి తన ఫంక్షన్ హాలులో మిగిలిపోయిన పెళ్లిపత్రికల వెనక తెలుగు అక్షరాల్లో ఇటాలియన్ రాసుకున్నాడు. “పియానో, పియానో” అంటే మెల్లగా, మెల్లగా. “రెస్పిరా” అంటే ఊపిరి తీసుకో. “కొరాజ్జో” అంటే ధైర్యం. “నొన్ అవేరె పౌరా, సోనో క్వీ” అంటే భయపడకు, నేనిక్కడే ఉన్నా. ఎల్డాను మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడు ఈ వరసలోనే అనేదాన్ని.

“మస్తున్నయి సిస్టర్! గాయినతోని గివే అంటరా అక్కడ దోస్తులు?” అని అడిగాడు లింబాద్రి.

“పెద్ద పెద్దోళ్లు గివే అంటరన్నా,” అన్నాను.

గొంతు ఎలా పెట్టాలో కూడా చెప్పాను. అరవకూడదు. ముఖం దగ్గరగా పెట్టి, చెయ్యి మోచేతి కింద వేసి అనాలి. పెట్రోలు బంకులో పనివాళ్లను తిట్టి తిట్టి బొంగురుపోయిన గొంతుతో లింబాద్రి “సోనో క్వీ” అంటుంటే నాకు నవ్వు ఆగేది కాదు. అద్దం వైపు తిరిగి తుడిచేదాన్ని. దశరథం నాలుక మూడు రోజులైనా తిరగలేదు. నాలుగో రోజు నుంచి రావడం మానేశాడు. లింబాద్రి మాత్రం మానలేదు. ఆశ ఉన్నవాడికి సిగ్గు ఉండదు కదా.

ఐదో రోజు పదింటికి నేను మెట్లెక్కేసరికి లింబాద్రి తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. అయిపోయింది, పరువు పోగొట్టుకుని వచ్చాడు అనుకున్నాను. నా చేతిలో స్వీటు డబ్బా పెట్టాడు.

“ఏమైందన్నా?”

“బెంచి మీద పండుకోని గంతంత బరువు ఎత్తిండు సిస్టర్. నడుమల చేతులు వణుకుడు వెట్టినయి. నేను తలకాడ నిలవడ్డ. ఏం జెయ్యాల్నో సమజ్ గాలె. నువ్వు చెప్పినట్టు వంగి, మోచేతుల కింద చేతులు పెట్టి, రెస్పిరా, కొరాజ్జో, సోనో క్వీ అన్న. ఎత్తేసిండు! లేసి కూసోని నా దిక్కు ఎంతసేపు చూసిండో. ఇగ గట్టిగ కావలిచ్చుకున్నడు. కండ్లల్ల నీళ్లు సిస్టర్, ఒట్టు!”

పడుకున్న మనిషిని పైకి లేపేటప్పుడు అనే మాటలు మంచం మీదైనా, జిమ్ము బెంచీ మీదైనా ఒకటేనని నా తెలివితక్కువ బుర్రకు తట్టనేలేదు. స్వీటు డబ్బా ఆడవాళ్ల టైములో పంచేశాను. ఒక్కటి కూడా నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు.

ఆ తర్వాత లింబాద్రిని పట్టలేకపోయాం. రెనాటో ఏ బరువు దగ్గరికి పోతే ఆ బరువు దగ్గర లింబాద్రి. ఇద్దరూ కలిసి టీ తాగారు, పోచంపాడ్ డ్యాము చూసొచ్చారు, చేపల వేపుడు తిన్నారు. నా దగ్గర నేర్చుకున్న నలభై ముక్కలతోనే ఇంత పెత్తనం. తినిపించేటప్పుడు ఎల్డాతో అనే మాటలు అక్కడా పనికొచ్చాయట.

“ఎవ్వరు నేర్పిండ్రని అడగలేదా అన్నా?” అన్నాను ఒక రోజు.

“అడిగిండు. ఫోన్ల నేర్సుకున్న అని చెప్పిన. నీ పేరు చెప్తె ఏం బాగుంటది సిస్టర్, ఆడోళ్లకాడ నేర్సుకున్నడంటరు,” అన్నాడు, తప్పు చేశానన్న ఊహ కూడా లేకుండా.

అంత నీచుడిని నేను చూడలేదు. నోట్లో ఉన్న ప్రతి ముక్కా నాది, పేరు మాత్రం ఫోనుది. ఆ రాత్రంతా ఆయన్ని తిట్టుకున్నాను.

దీపావళి మర్నాడు లింబాద్రి తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. రెనాటో పొద్దున ఏదో పొడుగ్గా అడిగాడట, సగం కూడా అర్థం కాలేదట, అందుకని రికార్డు చేసుకొచ్చాడు. నొక్కాడు. రెనాటో గొంతు నేను వినడం అదే మొదటిసారి. మా పార్మా వైపు యాసే. ప్రాణం లేచొచ్చింది.

“లింబాద్రీ, నువ్వు అబద్ధం చెబుతున్నావు,” అంటున్నాడు రెనాటో. “ఏ ఫోనూ ఇలా నేర్పదు. నీకు నేర్పిన మనిషి ఎవరో ఉన్నారు. ఆ మనిషి నాకు కావాలి. ఇక్కడ నా పని అయిపోయేలోగా మాట్లాడాలి. దయచేసి చెప్పు.”

“ఏమంటుండు సిస్టర్? పరేషాన్ ఉన్నది నాకు,” అన్నాడు లింబాద్రి.

ముఖం మామూలుగా పెట్టుకున్నాను.

“నీ గురించి నాలుగు మంచి మాటలు నీ నోటితోనే ఇనాల్నంట అన్నా. నీకు పని ఎందుకియ్యాల్నో చెప్పుమంటుండు. నేను రాసిస్త, గట్లనే చెప్పు. ఒక్క ముక్క తప్పొద్దు.”

పెళ్లిపత్రిక వెనక తెలుగు అక్షరాల్లో ఇటాలియన్ నేనే రాసిచ్చాను. “నాకు నేర్పింది ఒక ఆడమనిషి. పార్మాలో పెద్ద హాస్పిటల్లో ఎనిమిదేళ్లు నర్సుగా పనిచేసింది. నీ కంపెనీ పనికి ఆమెకన్నా తగినవాళ్లు ఈ జిల్లాలో లేరు. నేను ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను. ఆమె నంబరు ఇది.” పేరు రాస్తే లింబాద్రి గుర్తుపడతాడు కాబట్టి పేరు వదిలేశాను. నంబరును కూడా ఇటాలియన్ మాటల్లోనే పెట్టాను.

ఆ మహానుభావుడు దాన్ని రెండు రోజులు బట్టీ పట్టాడు. పెట్రోలు బంకులో నడుస్తూ చదివాడట. నాకు అప్పజెప్పేటప్పుడు “నేను ఇన్నాళ్లూ అబద్ధం చెప్పాను” అనే చోట గుండె మీద చెయ్యి వేసుకోమన్నాను. వేసుకున్నాడు. ఎంత గొప్పగా వేసుకున్నాడని! జీవితంలో అంత సుఖం నాకు చాలా తక్కువసార్లు దొరికింది.

మూడో రోజు పన్నెండింటికి నా ఫోను మోగింది. ఆడవాళ్ల టైము. కాంట్రాక్టరు భార్య సుమన ట్రెడ్‌మిల్లు మీద నడుస్తోంది. నేను ఫోను పట్టుకుని మెట్ల మీదికి వచ్చాను, ఎర్ర అక్షరాల కింద నిలబడ్డాను.

రెనాటో చాలా మర్యాదగా మాట్లాడాడు. లింబాద్రి గుండె మీద చెయ్యి వేసుకుని తనే అబద్ధాలకోరునని చెప్పుకోవడం చూసి ఎంత నవ్వుకున్నాడో చెప్పాడు. నేనూ నవ్వాను. మూడేళ్ల తర్వాత నా నోటి నుంచి ఇటాలియన్ నీళ్లలా వచ్చింది. మెషీన్ గురించి అడిగాను. ఆపరేటర్లకు ఎలా చెప్పాలో, ఇటలీకి ఎప్పుడెప్పుడు ఫోన్ చెయ్యాలో నేను ఆలోచించి పెట్టుకున్నదంతా గడగడా చెప్పాను. అతను చివరిదాకా విన్నాడు.

“సిన్యోరా, మెషీన్ పని లింబాద్రికి ఇచ్చేశాం. కంపెనీ సోమవారమే కాగితం పంపింది. అతనికి మాటలు తక్కువే, మిగతాది ఫోన్ చూసుకుంటుంది. కానీ పోయిన వారం నేనే మిల్లు చూపించడానికి తీసుకెళ్లినప్పుడు బెల్టు ఆగిపోయి నేను తల పట్టుకుంటే, పక్కన నిలబడి ధైర్యం, నేనిక్కడే ఉన్నా అన్నాడు. అలాంటి మనిషి దొరకడు,” అన్నాడు.

అలాంటి మనిషి! పెట్రోలు బంకులో వాడి నోటికి జడిసి ఆరు నెలలకు మించి ఏ పనివాడూ నిలవడు. వాడి చేత ఆ మాటలు అనిపించింది నేను. వాడి గొంతు తగ్గించింది నేను. వాడిని నవ్వులపాలు చెయ్యాలని కూర్చుని, నా చేతులతోనే నా కుర్చీ లాగి వాడి కింద వేశాను.

“అయితే నన్నెందుకు వెతికారు?” అన్నాను.

“మా అమ్మ కోసం,” అన్నాడు రెనాటో. “ఎనభై ఆరేళ్లు. మంచం మీదే. చూసుకునే ఆమె క్రిస్మస్ తర్వాత వెళ్లిపోతోంది. మీరు హాస్పిటల్లో చేశానని చెప్పించారు. హాస్పిటల్లో ఎవరూ అలా మాట్లాడరు సిన్యోరా, వాళ్లకు టైముండదు. అవి ఒక్క మనిషినే ఏళ్ల తరబడి చూసుకున్నవాళ్ల మాటలు. మొదటి రోజు లింబాద్రి నోట వినగానే నాకు తెలిసింది. వస్తారా? కాగితాలన్నీ నేను చూసుకుంటాను.”

అవమానంతో చెవులు వేడెక్కాయి. నేను చేసింది హాస్పిటల్లోనే, మీకు తెలియదు అని అరవాలనిపించింది. అరిచేదాన్నే. కానీ లింబాద్రి “ఫోన్ల నేర్సుకున్న” అన్నప్పుడు ఆయన్ని రాత్రంతా తిట్టిన నోరు కదా ఇది, అరవలేకపోయింది. ఎల్డా పోయిన రోజు పొద్దున ఆవిడ నా వేలు పట్టుకుని వదల్లేదు. నర్సు వచ్చి విడిపించాల్సి వచ్చింది. ఆవిడంటే నాకు ప్రేమ. ఈ మూడేళ్లలో ఈ ఊళ్లో ఒక్కరి దగ్గర కూడా ఆవిడ పేరెత్తలేదు. ఫోనుకు దక్కిన పేరు కూడా ఆవిడకు దక్కనివ్వలేదు.

“ప్రిస్కిల్లా! ఏసీ జెర పెంచు! సచ్చిపోతున్నం ఈడ!” అని సుమన లోపలి నుంచి కేకేసింది.

“ఆగమ్మా,” అన్నాను. ఆమెతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఇలాంటి పని ఒప్పుకునే ముందు అందరూ జీతం అడుగుతారనుకుంటారు. పని తెలిసినవాళ్లు ముందు అడిగేది అది కాదు. నేనూ అడగలేదు.

“మీ అమ్మగారి బరువెంత?” అన్నాను.

తెలియదన్నాడు రెనాటో. రోజూ పొద్దున అంతేసి ఇనుము ఎత్తి దింపే మనిషికి తల్లి బరువు తెలియదు.

“కనుక్కుని చెప్పండి,” అని ఫోన్ పెట్టేశాను.